శ్రీహరికోట రాకెట్ వెనుక గాదంకి గాలి లెక్క

తిరుపతి నుంచి చిత్తూరు పోయేవాళ్లకు గాదంకి అంటే టోల్‌గేటే గుర్తొస్తుంది. ఆ ఊళ్లోనే అంతరిక్ష శాఖ కింద పనిచేసే జాతీయ వాతావరణ పరిశోధన సంస్థ ఉంది. మనవాళ్లు నార్ల్ అంటారు. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పున్న స్థలంలో 1024 యాంటెనాలతో నిలబడ్డ రాడార్ 1990ల మొదటి నుంచి అక్కడ పైగాలిని కొలుస్తోంది. శ్రీహరికోట ప్రయోగాలకు వాతావరణ అంచనాలు ఇక్కడి నుంచి కూడా వెళ్తాయి.

రాకెట్‌కు గాలితో ఇంత టెన్షన్ ఎందుకంటే, లేచిన మొదటి నిమిషం, నిమిషంన్నరలోనే దాని ఒంటిమీద ఒత్తిడి తారస్థాయికి చేరుతుంది. వర్షాకాలంలో సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున తూర్పుగాలి జోరుగా వీస్తుంది. అందుకే ప్రయోగం రోజున బెలూన్లు వదిలి గాలి వేగం, దిశ చూసి, రాకెట్ ఎప్పుడు ఎంత వంగాలో సరిచేస్తారు. ముందస్తు అంచనాకైతే ఆకాశాన్ని గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో గాలి, వేడి, తేమ ఎలా మారతాయో లెక్కగట్టాలి. గడి పొడవు, వెడల్పు, ఎత్తు సగం చేస్తే గళ్లు ఎనిమిది రెట్లవుతాయి. మామూలు కంప్యూటర్ ఆ లెక్క తేల్చేలోపు ప్రయోగ సమయం దాటిపోతుంది.

అందుకే సూపర్ కంప్యూటర్లు కావాలి. అవి మనకు తేలిగ్గా దొరకలేదు. 1980లలో అమెరికా మనం అడిగిన క్రే సూపర్ కంప్యూటర్ ఇవ్వలేదు. అంతకంటే చిన్నదాన్ని, అదీ వాతావరణ అంచనాలకే వాడాలన్న షరతుతో, ఢిల్లీకి ఇచ్చింది. మనవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1986లోనే బెంగళూరులోని జాతీయ విమానయాన పరిశోధనశాల ఎన్ఏఎల్‌లో, శాస్త్రవేత్త రొద్దం నరసింహ డైరెక్టర్‌గా ఉన్నప్పుడు, ప్రవాహాల లెక్కల కోసం ఫ్లోసాల్వర్ అనే కంప్యూటర్ తయారైంది. హైదరాబాద్‌లో డీఆర్‌డీఓ వాళ్ల అనురాగ్ సంస్థ పేస్ యంత్రాన్ని రూపొందించింది. 1991లో పుణెలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ నుంచి పరమ్ 8000 సూపర్ కంప్యూటర్ వచ్చింది. నరసింహ గురువు ఇస్రో మాజీ అధ్యక్షుడు సతీశ్ ధవన్. శ్రీహరికోట కేంద్రానికి పెట్టింది ఆయన పేరే. 2011 మేలో తిరువనంతపురంలో ఇస్రో 220 టెరాఫ్లాప్స్ (సెకనుకు 220 లక్షల కోట్ల లెక్కలు) వేగంతో సాగా-220 సూపర్ కంప్యూటర్ని ప్రారంభించిన కేంద్రానికీ ఆయన పేరే పెట్టారు. రాకెట్ చుట్టూ గాలి ఎలా పారుతుందో తేల్చడం దాని ముఖ్యమైన పని.

నాసాలో కల్పనా చావ్లా మొదట చేసిందీ గాలి ప్రవాహాల లెక్కలే. ఆమె పోయిన మరుసటి ఏడాది, 2004లో, నాసా ఒక సూపర్ కంప్యూటర్‌కు కల్పన అని పేరు పెట్టింది.

ఇప్పుడు గాలితోపాటు కక్ష్యలోని ఉపగ్రహాలు, శకలాల లెక్క కూడా తోడైంది. రాకెట్ దారిలో ఏదీ అడ్డు రాదని తేల్చుకున్నాకే వదులుతారు. 2023 జూలైలో చంద్రయాన్-3ను ఇందుకోసమే 4 సెకన్లు ఆలస్యంగా పంపారు. అదే నెలలో పీఎస్ఎల్‌వీ-సీ56ను ఒక నిమిషం ఆపారు. ప్రయోగం ఆగిందనగానే మనం ఉసూరుమంటాం కానీ, చాలాసార్లు లెక్క సరిగ్గా పనిచేసిందనడానికి అదే రుజువు. తిరుపతిలో ఇంతమంది పిల్లలు ఇంజినీరింగ్ చదువుతున్నారు. వాళ్లను కాలేజీలు ఒక్కసారైనా గాదంకి తీసుకెళ్లి ఈ పని చూపించాలి.