‘ఆయనంతే’ అని ఎందుకు అనేస్తాం?

మొన్న వేసవిలో మా బంధువులింట్లో గృహప్రవేశం. వరసకు బాబాయి అయ్యే ఒకాయన పొద్దున్నే వచ్చాడు, వ్రతం దగ్గర కాసేపు కూర్చున్నాడు, చదివింపుల కవరు చేతిలో పెట్టాడు. సరిగ్గా విస్తళ్ళు వేస్తుండగా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. శుభకార్యానికి వచ్చి భోంచేయకుండా వెళ్ళడం మా వైపు చిన్న విషయం కాదు. “ఆయనంతే. నాలుగు డబ్బులొచ్చాక కంటికి ఎవరూ ఆనడం లేదు” అని మా అత్తయ్య తేల్చేసింది. బంతిలో కూర్చున్నవాళ్ళు తలా ఒక పాత సంగతి తెచ్చి కలిపారు. పులిహోర దగ్గర మొదలైన కబురు మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి ఆయన పొగరుబోతని ఖాయమైపోయింది. వారం తర్వాత తెలిసింది, ముందురోజు సాయంత్రమే దవడ పన్ను పీకించుకున్నాడట. మెతుకు నమిలే పరిస్థితి లేదు.

బంతిలో ఇరవై మందిమి ఉన్నాం. ‘ఒంట్లో బాగాలేదేమో’ అన్న మాట ఒక్కరి నోటా రాలేదు. ఇలాంటి విషయాల మీద నాలుగు పుస్తకాలు తిరగేసినవాణ్ణి, నా నోటా రాలేదు.

ఫ్రిట్జ్ హైడర్ అని ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మనస్తత్వ శాస్త్రవేత్త 1958లోనే ఈ సంగతి పట్టుకున్నాడు. మనిషి చేసే పని కళ్ళకి ఎంత గట్టిగా తగులుతుందంటే, దాని చుట్టూ ఉన్న పరిస్థితి ఇక మనకు ఆనదు అంటాడాయన. లేచి వెళ్ళిపోవడం అందరికీ కనిపిస్తుంది. పంటి నొప్పి కనిపించదు.

1967లో ఎడ్వర్డ్ జోన్స్, విక్టర్ హారిస్ దీన్ని పరీక్షకు పెట్టారు. క్యూబా గొడవ అమెరికాలో ఇంకా వేడిగా ఉన్న రోజులు. విద్యార్థులకు కొన్ని వ్యాసాలు ఇచ్చారు. కొన్ని క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్ట్రోని మెచ్చుకుంటూ రాసినవి, కొన్ని తిడుతూ రాసినవి. రాసినవాడి అసలు అభిప్రాయం ఏమై ఉంటుందో చెప్పమన్నారు. కొందరికి ‘ఏ పక్షం రాయాలో అతనే ఎంచుకున్నాడు’ అని చెప్పారు, మిగతావాళ్ళకి ‘ఈ పక్షమే రాయాలని అతనికి ముందే చెప్పేశారు’ అన్నారు. రెండో సందర్భంలో వ్యాసాన్ని బట్టి మనిషిని అంచనా వేయడానికి ఆధారమే లేదు. అయినా కాస్ట్రోని పొగిడినవాడికి లోపల ఎంతో కొంత ఆ అభిమానం ఉండే ఉంటుందని చదివినవాళ్ళు అనుకున్నారు. సినిమాల్లో విలన్ వేషాలు వేసే నటుణ్ణి బజారులో చూసి మొహం చిట్లించుకోవడం ఇలాంటిదే.

పరిస్థితిని వదిలేసి మనిషి గుణాన్నే కారణంగా చూసే ఈ పొరపాటుకి 1977లో లీ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ‘ఫండమెంటల్ అట్రిబ్యూషన్ ఎర్రర్’ అని పేరు పెట్టాడు. పాఠ్యపుస్తకాలకు ఏ అనువాదమైనా ఉండనీయండి, ‘ఆయనంతే జబ్బు’ అంటే మనకు తొందరగా అర్థమవుతుంది. అదే ఏడాది రాస్, మరో ఇద్దరితో కలిసి స్టాన్‌ఫర్డ్‌లో ఒక క్విజ్ ఆట నడిపించాడు. జంటలో ప్రశ్నలు వేసేదెవరో, జవాబులు చెప్పేదెవరో లాటరీ పద్ధతిలో తేల్చారు. ప్రశ్నలు వేసేవాళ్ళు తమకు బాగా తెలిసిన సంగతుల్లోంచి పది కఠినమైన ప్రశ్నలు తయారు చేసుకోవాలి. జవాబులు చెప్పేవాళ్ళు పదింటిలో సుమారు నాలుగే చెప్పగలిగారు. ఆట అయ్యాక ఎవరికి లోకజ్ఞానం ఎక్కువని అడిగితే, చూసినవాళ్ళు ప్రశ్నలు వేసినవాళ్ళనే మేధావులన్నారు. ఓడినవాళ్ళూ అదే మాట అన్నారు. వాళ్ళ కళ్ళముందే లాటరీ తీశారు, అయినా అంతే! వైవాల్లో, ఇంటర్వ్యూల్లో బల్లకి అటువైపు కూర్చున్నవాళ్ళు మహాజ్ఞానుల్లా కనిపించడంలో కుర్చీ వాటా ఎంతో ఆలోచించుకోవచ్చు.

ఇలా ఎందుకు జరుగుతుంది? నాకు అన్నిటికన్నా నచ్చిన జవాబు డేనియల్ గిల్బర్ట్ బృందం 1988లో ప్రచురించిన ప్రయోగంలో దొరుకుతుంది. మాటలు వినపడని వీడియో ముక్కల్లో ఒకావిడ ఎవరితోనో మాట్లాడుతూ ఉంటుంది. ఎక్కువ ముక్కల్లో గోళ్ళు కొరుక్కుంటూ, జుట్టు సర్దుకుంటూ తెగ టెన్షన్ పడుతూ ఉంటుంది. ఏ విషయం మీద మాట్లాడుతోందో తెర మీద అక్షరాల్లో పడుతుంది. కొందరికి మామూలు విషయాలు చూపించారు. మరికొందరికి ఆవిడ రహస్య కోరికల్లాంటివి, అపరిచితులతో మాట్లాడాలంటే ఎవరైనా ముడుచుకుపోయే విషయాలు చూపించారు. రెండోవాళ్ళు సహజంగానే ‘అలాంటివి అడిగితే ఎవరికైనా కంగారే’ అనుకోవాలి, ఆవిడ స్వభావం మీద తీర్పు తగ్గించుకోవాలి. ఊరికే చూసినవాళ్ళు అలాగే తగ్గించుకున్నారు. ఇంకో గుంపుకి మాత్రం వీడియో చూస్తూనే ఆ అక్షరాల్లో పడే విషయాలన్నీ బట్టీ పట్టమన్నారు. వాళ్ళు శ్రద్ధగా పట్టారు. కానీ ఆవిడ కంగారుకి కారణం ఏమిటో చెప్పే సమాచారాన్నే బట్టీ కొడుతూ, దాన్ని తీర్పులో వాడుకోలేకపోయారు. ‘ఆవిడ స్వభావమే కంగారు’ అనేసి ఊరుకున్నారు.

అంటే మెదడులో ముందుగా, దాదాపు శ్రమ లేకుండా పడేది గుణం మీద తీర్పు. పరిస్థితిని లెక్కలోకి తీసుకుని దాన్ని సవరించడం తర్వాతి పని, దానికి ఓపిక కావాలి. తల వేరే పనిలో ఉంటే ఆ సవరణ జరగదు. మా బంతిలో సాంబారు ఎవరికి వేయాలో చూసుకుంటూ, ఫోన్ ఎత్తుతూ, పిల్లల్ని అదిలిస్తూ ఉన్నవాళ్ళం కదా, మొదటి తీర్పు దగ్గరే ఆగిపోయాం.

ఈ ప్రయోగాలన్నీ అమెరికన్ విద్యార్థుల మీద చేసినవి కదా, మనకేం వర్తిస్తాయి అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు వెతికిన తొలి గట్టి పరిశోధనల్లో ఒకటి మన పొరుగునే, మైసూరులో జరిగింది. జోన్ మిల్లర్ అనే పరిశోధకురాలు షికాగోలోనూ మైసూరులోనూ ఎనిమిది, పదకొండు, పదిహేనేళ్ళ పిల్లల్నీ, పెద్దల్నీ కలిసి, ‘మీకు తెలిసినవాళ్ళు చేసిన మంచిపనులు, చెడ్డపనులు చెప్పండి, అలా ఎందుకు చేశారనుకుంటున్నారు?’ అని అడిగింది. 1984లో వచ్చిన ఫలితాల్లో షికాగో పెద్దలు ఎక్కువగా మనిషి స్వభావాన్ని కారణంగా చూపారు. మైసూరు పెద్దలు సందర్భం వైపు, అంటే ఆ మనిషి ఎవరికి ఏమవుతాడు, ఏ బాధ్యతలో ఉన్నాడు, అప్పుడు ఏం జరుగుతోంది అన్న వైపు మొగ్గారు. విచిత్రం ఏమిటంటే ఎనిమిదేళ్ళ పిల్లల్లో ఈ తేడా దాదాపు లేదు. వయసుతో పాటు అది పెరుగుతూ వచ్చింది. పుట్టుకతో వచ్చింది కాదు, చుట్టూ ఉన్న పెద్దలు మనుషుల గురించి మాట్లాడుకోవడం వింటూ నేర్చుకున్నది.

అందులో ఒక సంఘటన మరిచిపోలేను. మోటార్‌సైకిల్ మీద వెళ్తుంటే ప్రమాదం జరిగింది, వెనక కూర్చున్నతనికి తల మీద దెబ్బ తగిలింది. బండి నడిపింది ఒక వకీలు. అతన్ని ఆస్పత్రిలో చేర్చి, డాక్టరుతో కూడా మాట్లాడకుండా తన కేసు కోసం కోర్టుకి వెళ్ళిపోయాడు. ఆ మనిషి చనిపోయాడు. అమెరికన్లకు వకీలు బాధ్యత లేని మనిషిగా కనిపించాడు. మైసూరు వాళ్ళు ‘క్లయింటు కోసం కోర్టుకి వెళ్ళడం ఆయన డ్యూటీ’ అన్నారు, ‘కంగారులో ఉండి ఉంటాడు, దెబ్బ అంత పెద్దదిగా కనిపించలేదేమో’ అన్నారు. రెండు చోట్లా నడిచింది ఒకటే కథ.

ఇది చదివి మనం ఉదారులమని మురిసిపోవడం తొందరపాటు. 1998లో ఇన్‌చోల్ చోయ్, రిచర్డ్ నిస్బెట్ ఆ వ్యాసాల ప్రయోగాన్నే కొరియాలో చేస్తే, కొరియన్లు కూడా అమెరికన్లలాగే పప్పులో కాలేశారు. అయితే తాము కూడా ముందుగా అలాంటి బలవంతపు వ్యాసం రాసి చూశాక, కొరియన్ల తీర్పు బాగా మెత్తబడింది, అమెరికన్లలో అంత మార్పు రాలేదు. తేడా ఆ సవరణ దగ్గరే ఉంది. మన భాషలో రెండు పనిముట్లూ ఉన్నాయి. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు’ అంటాం. ‘పాపం, టైం బాగాలేదు, ఏం చేస్తాడు’ అని కూడా అంటాం. ఎవరికి ఏది వాడతామన్నదే అసలు తమాషా. సొంత కొడుక్కి ఉద్యోగం పోతే మార్కెట్ బాగాలేదు, పక్కింటి కుర్రాడికి పోతే వాడికి నిలకడ లేదు.

కాపురాల్లో ఇది మరీ స్పష్టంగా బయటపడుతుంది. థామస్ బ్రాడ్‌బరీ, ఫ్రాంక్ ఫించమ్ 1980ల నుంచి దంపతుల మీద పని చేశారు. సఖ్యంగా ఉన్న ఇంట్లో భర్త మల్లెపూలు తెస్తే ‘ఆయన మనసు అలాంటిది’, ఇంటికి ఆలస్యంగా వస్తే ‘ఆఫీసులో పని తగిలి ఉంటుంది’. చెడిన కాపురంలో ఇదే తలకిందులవుతుంది. ఆలస్యం ఆయన గుణమైపోతుంది, మల్లెపూలకు ఏదో కారణం ఉండి ఉంటుంది. ఒక ఏడాది పాటు దంపతుల్ని గమనించిన వాళ్ళ అధ్యయనంలో, ఇలాంటి వివరణలు తర్వాతి రోజుల్లో సంతృప్తి ఎలా ఉండబోతోందో కొంత ముందుగానే సూచించాయి, ముఖ్యంగా భార్యల విషయంలో. ఇది చదివాక మల్లెపూలు తేవడం కన్నా వాటికి ఏ అర్థం పడుతుందో చూసుకోవడమే కష్టమనిపించింది.

‘మన తప్పులకు పరిస్థితి, ఎదుటివాళ్ళ తప్పులకు గుణం’ అన్న సూత్రం చాలా ఏళ్ళు తిరుగులేని సత్యంగా పాఠాల్లో నడిచింది. బెర్‌ట్రామ్ మాల్ 2006లో 173 అధ్యయనాలను కలిపి లెక్క కట్టి చూస్తే, మొత్తం మీద ఆ తేడా దాదాపు సున్నాకి వచ్చింది. చెడు జరిగినప్పుడు కనిపించింది, మంచి జరిగినప్పుడు తిరగబడింది, రెండూ కలిస్తే చెల్లుకు చెల్లు. అంటే మెచ్చుకోలు వచ్చినప్పుడు మాత్రం మన గుణాన్ని మనమే ముందుకు తోస్తాం. నాకైతే పాత సూత్రం కన్నా ఈ లెక్కే నిజాయితీగా అనిపిస్తుంది.

పన్ను సంగతి తెలిశాక నేనే మా అత్తయ్యకి ఫోన్ చేసి చెప్పాను. అయ్యో అంది, రెండు నిమిషాలు నిజంగానే బాధపడింది. తర్వాత అంది: “చూశావా, అంత నొప్పి పెట్టుకుని కూడా ఒక్క ముక్క చెప్పలేదు. ఆయనంతే.”