పెరటి చేపల తొట్టికి ఫిల్టర్: అపోహలు – వాస్తవాలు

చెన్నై రంగుచేపల బజారు కొళత్తూరులో కోయి (రంగుల చేప) పిల్లలు కొనేముందు ఇంట్లో తొట్టి కొలుచుకోండి. పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో హెచ్చించి, వచ్చినదాన్ని 28తో గుణిస్తే లీటర్లు. 8 × 5 × 2.5 తొట్టిలో సుమారు 2800 లీటర్లు పడతాయి. కింది లెక్కలన్నీ ఈ తొట్టికే.

అపోహ: డబ్బా మీద గంటకు 3000 లీటర్లని ఉంటే పంపు అన్ని నీళ్లూ తోడుతుంది.

వాస్తవం: అది ఎత్తు లేకుండా, పైపు తగిలించకుండా తీసిన లెక్క. పక్కనే రాసి ఉండే 'మ్యాక్స్ హెడ్' (పంపు నీళ్లు ఎక్కించగల గరిష్ఠ ఎత్తు) 2.5 మీటర్లయితే, మీటరున్నర ఎత్తుకు ఎక్కించేసరికి సగం కూడా రాదు. నీళ్లన్నీ రెండు గంటలకోసారి ఫిల్టర్ గుండా తిరిగితే చాలు. ఫిల్టర్ నుంచి పడే నీళ్ల కింద 20 లీటర్ల బకెట్ పెట్టండి. 50 సెకన్లలో నిండితే సరిపోయినట్టే.

అపోహ: ఫిల్టర్‌లోని స్పాంజి వారంవారం కొళాయి కింద తెల్లగా ఉతకాలి.

వాస్తవం: ఎక్కువ చేపలు చచ్చేది ఇక్కడే. ఫిల్టర్‌ను టీ వడపోసే జల్లెడ అనుకోవడంతో వచ్చే చిక్కు ఇది. చేపల మలమూత్రాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్పాంజికి పట్టే జిగురులోనే ఉంటుంది. కొళాయిలో వచ్చే మెట్రో వాటర్‌లోని క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. తొట్టి నీళ్లే ఒక బకెట్‌లో తీసి, అందులో రెండుసార్లు పిండి పెట్టేయండి. అదీ నీటి ధార తగ్గినప్పుడే, ఒక్కసారి సగం స్పాంజిలే. లారీ నీళ్లు నింపేటప్పుడూ ఇదే జాగ్రత్త: క్లోరిన్ విరిచే సోడియం థయోసల్ఫేట్ ముందు కలపాలి.

అపోహ: డ్రమ్ములో కంకర నింపితే అదే ఫిల్టర్.

వాస్తవం: కంకర సందుల్లో బురద పేరుకుపోతుంది, నీళ్లు ఒకే దారి చేసుకుని పోతాయి, దాన్ని కడగాలంటే నడుం విరుగుతుంది. 200 లీటర్ల నీలం డ్రమ్ము నీళ్లకూ చేపలకూ సరిపోతుంది, లోపల అమరిక మారిస్తే చాలు. నీళ్లు కింద నుంచి, 1 అంగుళం పైపుతో, గోడవెంట తిరిగేలా ఎల్బో (వంపు పైపు ముక్క) పెట్టి రావాలి. అడుగున ఒక జానెడు ఖాళీ ఉంచండి, బురద అక్కడ కూర్చుంటుంది. దాన్ని వదలడానికి అడుగునే బాల్ వాల్వ్ (పిడి తిప్పితే తెరుచుకునే కుళాయి) ఉండాలి. ఆ ఖాళీ పైన జాలీ, ఆపైన ముతక స్పాంజి, అన్నింటికన్నా పైన ఉల్లిపాయల వలసంచుల్లో నింపిన గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు. సబ్బు తగిలిన పీచు, స్టీల్ పీచు మాత్రం వద్దు. బయటికి పోయే పైపు 2 అంగుళాలు. పంపు తోసే నీళ్లకు 1 అంగుళం చాలు గానీ, తనంతట తానే జారే నీళ్లకు చాలదు. అదీ 1 అంగుళమే పెడితే, పైన మూత తీసి చూస్తే డ్రమ్ము పొంగుతూ ఉంటుంది.

అపోహ: రాత్రి ఆపితే కరెంటు మిగులుతుంది.

40 వాట్ల పంపు నెలంతా నడిచినా 29 యూనిట్లే. ఆపేస్తే డ్రమ్ములో ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చస్తుంది, నీళ్లు కుళ్లుతాయి. తుపాను రోజుల్లో కొన్ని గంటలు కరెంటు పోతే, తిరిగి వచ్చాక నేరుగా ఆన్ చేయకండి. ముందు బాల్ వాల్వ్ తిప్పి డ్రమ్ములోని నీళ్లు మొక్కలకు వదిలేయండి.

అపోహ: కొత్త ఫిల్టర్ పెట్టిన మర్నాడే చేపలు నిండుగా వేయొచ్చు.

బ్యాక్టీరియా కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అంతవరకు రెండుమూడు చిన్న చేపలు, పొదుపుగా మేత. పరీక్ష కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపాక మిగతావి.

అపోహ: నీళ్లు పచ్చబడితే ఇంకా పెద్ద ఫిల్టర్ కావాలి.

వాస్తవం: ఆ పచ్చదనం ఒంటికణపు నాచు, స్పాంజి రంధ్రాల్లోంచి సులువుగా దాటిపోతుంది. యూవీ (అతినీలలోహిత) దీపం దాన్ని గడ్డకట్టిస్తే అప్పుడు స్పాంజికి చిక్కుతుంది. దీపం నీలంగా వెలుగుతూనే ఉన్నా ఏడాదికోసారి మార్చాల్సిందే, వెలుగున్నా పనిచేసే కిరణాలు తగ్గిపోతాయి. పంపుకైనా దీపానికైనా 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకుండా కరెంటు ఇవ్వకండి, తొట్టిలో చెయ్యి పెట్టేది మీ పిల్లలే.