పిల్లల రక్షణ, ఇంటి అప్పు: ఒక సమస్య, రెండు దస్త్రాలు

పిల్లల పనిపై ఈ దేశంలో వచ్చిన తొలి చట్టాల్లో 1933 నాటిది ఒకటి ఉంది. అది ఫ్యాక్టరీల గురించి కాదు, బడుల గురించి అంతకన్నా కాదు. అప్పు గురించి. తల్లిదండ్రులు సొమ్ము తీసుకుని, బదులుగా పదిహేనేళ్ల లోపు బిడ్డ శ్రమను తాకట్టు పెడితే ఆ ఒప్పందం చెల్లదని అది ప్రకటించింది. అంతకు రెండేళ్ల ముందు వెలువడిన, కార్మికుల స్థితిగతులపై బ్రిటిష్ ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ నివేదిక ఈ తాకట్టు పద్ధతిని ఎత్తిచూపడంతో ప్రభుత్వం కదిలింది. శిక్ష మాత్రం జరిమానాతో సరి: తండ్రికి 50 రూపాయల దాకా, యజమానికి 200 దాకా. అయినా ఆ చట్టం రాసినవాళ్లు పిల్లవాడి పనికీ ఇంటి అప్పుకూ మధ్య ఉన్న ముడిని సరిగ్గానే పట్టుకున్నారు. తర్వాతి దశాబ్దాల్లో ఆ ముడి రెండు వేర్వేరు దస్త్రాల్లోకి వెళ్లింది. పిల్లలు కార్మిక శాఖకూ సంక్షేమ శాఖకూ పోయారు, అప్పు గ్రామీణాభివృద్ధికీ బ్యాంకులకూ పోయింది. పిల్లల రక్షణనూ ఊరి ఆర్థిక స్వావలంబననూ ఒకే చేత్తో పట్టుకోవాలని చూస్తున్న స్వచ్ఛంద సంస్థలు నిజానికి ఆ రెండు దస్త్రాలను మళ్లీ ఒక్కటి చేసే పనిలో ఉన్నాయి.

తెలుగు పల్లెల్లో దీన్ని తాకట్టు అనేవారు కాదు, ‘జీతానికి పెట్టడం’ అనేవారు. పెళ్లికో, జబ్బుకో, ఎద్దు చనిపోతేనో ఆసామి దగ్గర తెచ్చిన అప్పుకు పిల్లవాడు పశువుల కాపరిగా కుదిరేవాడు. వడ్డీ వాడి రోజుల్లో జమయ్యేది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఇలాంటి అప్పులన్నిటినీ రద్దు చేసింది. కానీ ఆ చట్టాన్ని అమలు చేయడానికి వెళ్లిన అధికారుల కళ్లు పెద్దవాళ్ల మీదే ఉండేవి. పశువుల వెనక తిరిగే తొమ్మిదేళ్లవాడు వెట్టివాడిగా కనిపించలేదు, ‘పనికి పోతున్న పిల్లాడు’గా కనిపించాడు.

1979లో బాలకార్మికులపై కేంద్రం వేసిన గురుపాదస్వామి కమిటీ, పేదరికం ఉన్నంతకాలం బాలకార్మిక వ్యవస్థను పూర్తిగా తుడిచిపెట్టడం కష్టమని తేల్చింది. 1986 నాటి బాలకార్మిక చట్టం ఆ తీర్మానానికి కొనసాగింపే. ప్రమాదకరమని జాబితాలో చేర్చిన పనుల్లో నిషేధం, మిగతా పనుల్లో నియంత్రణ. పనిచేసే పిల్లల్లో అత్యధికులు ఉన్న వ్యవసాయం దాదాపుగా నిషేధం బయటే ఉండిపోయింది. పేదరికం పోయేదాకా ఆగాలన్న మాట వినడానికి సానుభూతిగానే ఉంటుంది. అయితే ఆ ఆగడమంతా పిల్లల వంతు.

ఈ వాదనకు గట్టిగా ఎదురు నిలిచింది రంగారెడ్డి జిల్లా పల్లెల్లో జరిగిన ప్రయోగం. మామిడిపూడి వెంకటరంగయ్య పేరుతో 1981లో ఏర్పడిన ఫౌండేషన్ 1991 నుంచి పిల్లలను పని నుంచి బడికి మళ్లించే పనిలో దిగింది. దానికి నాయకత్వం వహించిన శాంతా సిన్హా అప్పటికి హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధించేవారు. అంతకు ముందు వెట్టి కార్మికులతో పనిచేశారు. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది ఆ సంస్థ సూత్రం. తల్లిదండ్రులకు పిల్లలను చదివించాలనే ఉంటుందన్నది రెండోది. అందుకే పిల్లవాణ్ణి బడికి పంపినందుకు కుటుంబానికి నష్టపరిహారమంటూ డబ్బు ఇవ్వలేదు. వయసు మీరినవాళ్లను బ్రిడ్జి కోర్సు క్యాంపుల్లో, అంటే తప్పిపోయిన చదువును పూడ్చే శిబిరాల్లో, చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్పించారు. ఊరి యువకులు, ఉపాధ్యాయులు, సర్పంచులు ఆసాములతో మాట్లాడి పిల్లలను విడిపించారు. 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే పురస్కారం, 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ తొలి అధ్యక్ష పదవి దక్కాయి. ఆదాయం పెరగకముందే పిల్లలు బడికి వెళ్లగలరని ఆ ఊళ్లు చూపించాయి.

మరి ఆర్థిక సాధికారత దేనికి? ఈ ప్రశ్నకు జవాబు అదే కాలంలో ఇంకో జిల్లాలో మొదలైంది. మహిళల ఉపాధి కోసం 1982లో వచ్చిన ద్వాక్రా పథకం కాగితాల మీద మందకొడిగా సాగుతుండగా, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత ఉద్యమం నుంచి సారా వ్యతిరేక పోరాటం పుట్టింది. సారా మీద పోయే డబ్బు ఇంట్లో మిగిలాక, రోజుకు రూపాయి చొప్పున దాచుకునే పొదుపు సంఘాలు జిల్లా అంతా అల్లుకున్నాయి. 1992లోనే గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు ఈ సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం ప్రారంభించింది. 2000లో పేదరిక నిర్మూలనకు వెలుగు పథకం, తర్వాత ఇందిర క్రాంతి పథం, సంఘాలకు తక్కువ వడ్డీ అప్పుల కోసం పావలా వడ్డీ వచ్చాయి. ఆసామి గడప తొక్కకుండా అప్పు పుట్టే చోటు ఒకటి పేదింటి స్త్రీకి మొదటిసారి ఏర్పడింది. పిల్లల రక్షణకు సంఘం చేసిన అసలు మేలు ఇదేనని నా అభిప్రాయం. ఆదాయం ఎంత పెరిగిందన్నది తర్వాతి మాట. జబ్బు చేసిన రాత్రి అప్పు ఎవరి దగ్గర దొరుకుతుంది, దానికి పూచీ ఏమిటి అన్నదాన్ని బట్టే ఆ ఇంటి పిల్ల బడిలో నిలవడమో, మానడమో జరుగుతుంది.

కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పత్తి విత్తన చేలు దీనికి సాక్ష్యం. సంకర విత్తనం కోసం సాయంత్రం మొగ్గలోని కేసరాలు తీసేసి, మర్నాడు ఉదయం వేరే రకం పుప్పొడి అద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. వేల మొగ్గలు, నెలల తరబడి. ఈ పని చాలావరకు ఆడపిల్లలే చేసేవారు. రైతు సీజను మొదట్లోనే తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చి పిల్లను ఖరారు చేసుకునేవాడు. 1933 చట్టం నిషేధించిన ఒప్పందమే ఇది, కాకపోతే విత్తనం ఆధునికం. స్వచ్ఛంద సంస్థలు ఇక్కడ తల్లిదండ్రుల దగ్గరే ఆగలేదు. విత్తన కంపెనీ రైతుకు ఇచ్చే కొనుగోలు ధరలో పెద్దవాళ్ల కూలి గిట్టదన్న లెక్కను కంపెనీల ముందే పెట్టాయి. ఆ తర్వాతే పిల్లలను పెట్టని రైతులకు కొన్ని కంపెనీలు ధర మీద బోనస్ ఇచ్చాయి.

న్యాయస్థానం కూడా ఒకసారి ఈ రెండు దస్త్రాలను కలపబోయింది. శివకాశి అగ్గిపెట్టెల, టపాకాయల పరిశ్రమపై న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు, ప్రమాదకర పనిలో పెట్టుకున్న ఒక్కో బిడ్డకు యజమాని 20,000 రూపాయలు కట్టాలంది. ప్రభుత్వం ఆ ఇంట్లో పెద్దవాళ్లకు పని చూపాలి, లేదంటే 5,000 జమచేయాలి. బిడ్డ బడికి వెళ్తున్నంతకాలం దానిపై వడ్డీ కుటుంబానికి చేరాలి. ఆలోచన గొప్పదే. కానీ 25,000 మీద పది శాతం వడ్డీ వేసుకున్నా నెలకు 210 రూపాయలు రావు.

అప్పు దొరకడమే మేలనుకున్నవాళ్లకు 2010 గట్టి దెబ్బ. ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు ఒకే ఇంటికి రెండు మూడు వైపుల నుంచి అప్పులిచ్చి వారం వారం వసూళ్లకు దిగాయి. వేధింపులు, ఆత్మహత్యల వార్తల మధ్య ఆ ఏడాది అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారపు కిస్తీకి వారం వారం నగదు కావాలి, అది లేని ఇంట్లో కూలికి పోగల మనిషి ఎవరైనా సరే పోవాల్సి వస్తుంది. సంఘం అప్పుతో గేదె కొన్న ఇంట్లోనూ ఇంకో రకం చిక్కు ఉంది: తల్లి కూలికి వెళ్తే గేదెను మేపేది ఎవరు? అప్పు ఇచ్చే ముందు ఈ ప్రశ్న అడిగే సంస్థ పిల్లల కోసం పనిచేస్తున్నట్లు. అడగని సంస్థ రుణ లక్ష్యం కోసం పనిచేస్తోంది.

ఈ కాలంలో చట్టాలు మాత్రం వేగంగా వచ్చాయి. 2009 విద్యాహక్కు చట్టం, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 పోక్సో, 2015 బాల న్యాయ చట్టం. 1986 బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ పద్నాలుగేళ్ల లోపు పనిని నిషేధిస్తూనే, బడి వేళల తర్వాత సొంత కుటుంబ వృత్తిలో సాయానికి వెసులుబాటు ఉంచింది. ఈ వెసులుబాటు చాటున ఏం నడుస్తోందో కార్మిక శాఖ తనిఖీకి తెలియదు, పక్కింటి సంఘం సభ్యురాలికి తెలుస్తుంది. గ్రామ బాలల పరిరక్షణ కమిటీల్లో సంఘం స్త్రీలను కూర్చోబెట్టాలని సంస్థలు పట్టుబట్టడానికి కారణం ఇదే.

వలస దగ్గర ఈ ఏర్పాటు తెగిపోతుంది. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చేవాళ్లకు అడ్వాన్సు మనిషికి కాదు, జట్టుకు. అక్కడ దాన్ని పథురియా అంటారు. మగమనిషి, ఆడమనిషి, వాళ్లతో ఒకరిద్దరు పిల్లలు. వానలు తగ్గాక వచ్చి ఎండాకాలం చివర వెళ్తారు, అంటే బడి సంవత్సరం సగానికి పైగా బట్టీ దగ్గరే. తల్లి పొదుపు పుస్తకం ఒడిశాలో ఉంటుంది, పిల్లవాడి హాజరు పట్టీ కూడా అక్కడే. పిల్లలను ఊళ్లోనే ఉంచుకునేందుకు అక్కడ సీజనల్ హాస్టళ్లు, ఇక్కడ బట్టీల దగ్గర ఒడియా చెప్పగల బోధకులతో బడులు నడిపారు. రెండూ పిల్లలకు అవసరమే. బయల్దేరే ముందు చేతిలో పడే ఆ అడ్వాన్సుకు బదులు ఊళ్లోనే అప్పు ఎవరిస్తారన్నది మాత్రం ఏ కమిటీ రిజిస్టరులోనూ లేని గడి.