అంత స్పష్టంగా కనిపించింది కాబట్టి జరిగి తీరుతుందా?

“కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది మేడమ్. జరిగేది కాకపోతే అంత స్పష్టంగా ఎందుకు కనిపిస్తుంది?” సైకాలజిస్టుగా నేను మళ్లీ మళ్లీ వినే ప్రశ్న ఇది. అడిగేవాళ్లు అమాయకులేం కాదు. లెక్కలు చూసేవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు, పిల్లల్ని ఒంటిచేత్తో పెంచినవాళ్లు. ఈ ఒక్క నమ్మకంతో, డాక్టరు తప్పనిసరి అన్న ఆపరేషన్‌ను వాయిదా వేసుకుంటూ పోయినవాళ్లున్నారు. చేతికొచ్చిన ఉద్యోగం వదులుకున్నవాళ్లున్నారు. అందుకే గతం, భవిష్యత్తు, కాలం గురించి మనకున్న మిగతా అపోహలకంటే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: మనసుకు స్పష్టంగా కనిపించిన భవిష్యత్తు ఒక హెచ్చరిక.

వాస్తవం: ఆ దృశ్యాన్ని మనసే తయారు చేస్తుంది. దానికి కావలసిన సరుకంతా గతం నుంచే తెచ్చుకుంటుంది.

కొడుకు బండి తీసిన ప్రతిసారీ యాక్సిడెంట్ కళ్ల ముందు కదిలే ఒక తల్లి నా దగ్గరికి వచ్చేది (వివరాలు కొన్ని మార్చి చెబుతున్నాను). ఆవిడకు ధైర్యం చెప్పడం మానేసి వివరాలు అడిగాను. రోడ్డు ఎలా ఉంది? ఆవిడ రోజూ ఆఫీసుకు వెళ్లే దారిలోని మలుపు. అబ్బాయి ఏ చొక్కా వేసుకున్నాడు? పుట్టినరోజుకు ఆవిడే కొన్నది. చుట్టూ జనం ఎలా నిలబడ్డారు? ఎవరో ఫోన్‌కు పంపిన వీడియోలో ఉన్నట్టే. ఒక్కో ముక్కా ఎక్కడిదో ఆవిడే చెప్పింది. రేపటిది అనదగ్గ ముక్క ఒక్కటీ లేదు.

ఇదేదో ఆవిడ ఒక్కరి సంగతి కాదు, మెదడు పని చేసే తీరే అంత. కెనడాలో కె.సి. అనే పేరుతో వైద్య చరిత్రకెక్కిన ఒకాయన ఉండేవాడు. 1981లో మోటారు సైకిల్ ప్రమాదంలో ఆయన మెదడు దెబ్బతింది, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగంతో సహా. చదరంగం ఆడగలడు, గడియారం, క్యాలెండర్ అంటే ఏమిటో తెలుసు. కానీ తన జీవితంలో జరిగిన సంఘటన ఒక్కటీ గుర్తు తెచ్చుకోలేడు. ఆయన్ను ఏళ్ల తరబడి పరిశీలించిన సైకాలజిస్టు ఎండెల్ టల్వింగ్ “రేపు ఏం చేస్తారు?” అని అడిగితే, అక్కడా ఖాళీయే. నిన్నటిని పోగొట్టుకున్నవాడికి రేపు కూడా లేకుండా పోయింది. తర్వాత వచ్చిన స్కాన్ పరిశోధనల్లోనూ, గతాన్ని తలచుకున్నప్పుడూ భవిష్యత్తును ఊహించుకున్నప్పుడూ మెదడులో చాలావరకు అవే ప్రాంతాలు పని చేస్తున్నట్టు తేలింది.

మరి అంత స్పష్టత ఎక్కడిది? తిరగేసిన కొద్దీ వస్తుంది. ఒకే దృశ్యాన్ని పదేపదే ఊహించుకుంటే అది తేలిగ్గా, వివరంగా తోస్తుంది. అలా తేలిగ్గా తోచేదే జరగబోయేదనిపిస్తుంది. భయపడేవాళ్లు ఎక్కువసార్లు ఊహించుకుంటారు కాబట్టి వాళ్లకే ఎక్కువ స్పష్టంగా కనిపిస్తుంది. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఇక “మా బంధువుల్లో ఒకావిడకు ముందే తెలిసిపోయింది” అన్న కథలు. వీటిని ప్రచారం చేసేవాళ్ల మీద నాకు ఓపిక లేదు, ఎందుకంటే వాటి ఫలితం మోసేది నా ఎదురుగా నిద్ర లేని కళ్లతో కూర్చున్న మనిషి. మనసు కీడు శంకించి ఏమీ జరగని రోజులు ఎవరి నోటా కథలు కావు. పైగా, జరిగిపోయాక మన పాత అంచనా కూడా మారిపోతుంది. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, మాస్కో పర్యటనలకు ముందు, ఏమేం జరగవచ్చో విద్యార్థుల చేత అంచనాలు వేయించారు బరూక్ ఫిష్‌హాఫ్, రూత్ బేత్ అనే పరిశోధకులు. తర్వాత ఆ అంచనాలనే గుర్తు చేసుకోమన్నారు. జరిగాయని తెలిసిన వాటికి తాము మొదట్లోనే ఎక్కువ అవకాశం ఇచ్చామని విద్యార్థులు చెప్పుకొచ్చారు. అబద్ధమాడటం లేదు, వాళ్లకు అలాగే గుర్తుంది.

అందుకే నేను నోటు పుస్తకం పెట్టుకోమంటాను. భయం వేసిన రోజే తారీఖు వేసి, ఏం జరుగుతుందని భయమో, ఎప్పటిలోగానో రాయాలి. గడువు దాటాక తీసి చదవాలి. యాంగ్జైటీ వ్యాధి ఉన్న 29 మందితో ఇలాగే రాయించిన ఒక పరిశోధన 2020లో వచ్చింది. వాళ్లు రాసుకున్న భయాల్లో సగటున 91 శాతానికి పైగా నిజం కాలేదు. మాటలతో ఎంత నచ్చజెప్పినా కదలని భయం తన చేతిరాత చూసుకున్నాక కదలడం చాలామందిలో చూశాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

గతం వీడియోలా భద్రంగా ఉంటుందన్నది అపోహే. 1986లో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిన మర్నాడు సైకాలజిస్టు ఉల్రిక్ నైసర్ విద్యార్థుల చేత, ఆ వార్త ఎక్కడ, ఎలా విన్నారో రాయించాడు. సుమారు రెండున్నరేళ్ల తర్వాత అడిగితే చాలామంది వేరే కథ చెప్పారు, గట్టి నమ్మకంతో. మా అమ్మ, పెద్దమ్మ తాతయ్య చివరి రాత్రి ఆయన పక్కన ఎవరున్నారని ఏళ్ల తరబడి మాటలు మానేసుకున్నారు. ఇద్దరికీ తామే ఉన్నట్టు గుర్తు. ఇద్దరూ ఆయన్ని ప్రేమించినవాళ్లే. జ్ఞాపకం తేడా వచ్చినంత మాత్రాన ఎదుటి మనిషి అబద్ధాలకోరు కాదని అప్పట్లో వాళ్లకు చెప్పేవాళ్లు లేకపోయారు.

ప్రమాదంలో కాలం నెమ్మదిస్తుందా? 2007లో మెదడు శాస్త్రవేత్త డేవిడ్ ఈగిల్‌మన్ బృందం మనుషుల్ని 31 మీటర్ల ఎత్తు నుంచి వలలోకి వదిలి చూసింది. పడటానికి ఎక్కువసేపు పట్టినట్టు వాళ్లకు అనిపించింది, కానీ కాలం నిజంగా నెమ్మదిస్తే, చేతికి కట్టిన తెర మీద వేగంగా మారే అంకెల్ని మామూలుకంటే మెరుగ్గా చదవగలగాలి. చదవలేకపోయారు.

“గతం, భవిష్యత్తు వదిలేసి వర్తమానంలోనే బతకాలి” అనే సలహా విని, అది చేతకాక తమను తామే తిట్టుకునేవాళ్లు ఎందరో. ఆ తిట్లు ఆపండి. కె.సి. పూర్తిగా వర్తమానంలోనే బతికాడు, అది గాయం వల్ల వచ్చిన లోటు. రేపటిని ఊహించుకోవడం ఆరోగ్యమైన మెదడు పనే.

ఒక సంగతి మాత్రం వేరు. నిజంగా జరిగిన ప్రమాదమో దాడో ఇప్పుడే జరుగుతున్నట్టు కళ్ల ముందుకు వచ్చి, చెమటలు పట్టి, నిద్ర చెదిరి, నెల దాటినా తగ్గకపోతే అది పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత వచ్చే మానసిక సమస్య) కావచ్చు. నోటు పుస్తకం దానికి చాలదు. దానికి నిరూపితమైన చికిత్సలున్నాయి. సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో కలవండి, ఆలస్యం చేయకండి.