గోదారి పక్కనేగా, ఎండేం తగుల్తుంది? (ఒక్కపూట విహారాల మీద అపోహలు - వాస్తవాలు)

మొన్న ఆదివారం కూడా అదే ఫోను. "టిఫిన్లు కానిచ్చి పదింటికి బయల్దేరతామండి. ఎక్కడికో కాదుగా, గోదారి పక్కనేగా. నీళ్ళున్నచోట ఎండేం తగుల్తుంది?" ఆయనకి నెలలో ఒక్క ఆదివారమే సెలవు. పిల్లలు సెలవులిచ్చిన దగ్గర్నుంచీ బయటికి తీసుకెళ్ళమని ప్రాణం తీస్తున్నారట. మనిషి మీద నాకేం కోపం లేదు. ఆ మాట మీదే కోపం. రాజమండ్రిలో కుటుంబాలకీ అపార్ట్‌మెంట్ల వాళ్ళకీ ఒక్కపూట విహారాలు ఏర్పాటు చేయడం మొదలుపెట్టి పదకొండేళ్ళు అయింది. ఏ వేసవి చూసినా జనానికి అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసింది ఈ నమ్మకమే.

అపోహ: నది ఒడ్డున, సముద్రం ఒడ్డున ఎండ తగలదు.

తగులుతుంది. తెలియకుండా తగులుతుంది, అదే ప్రమాదం. చెమట కారినంత మాత్రాన ఒళ్ళు చల్లబడదు, ఆ చెమట ఆరాలి. గాల్లో తేమ నిండి ఉంటే ఆరదు, కారుతూనే ఉంటుంది. ఒంట్లో నీరూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం లోపలే ఉండిపోతుంది. మనం ఉక్కపోత అనేది దీన్నే. వాతావరణ శాఖ వాళ్ళు మైదానాల్లో కనీసం 40 డిగ్రీలుంటే గానీ వడగాలుల మాట ఎత్తరు. తీరంలో అయితే 37 ఉండి, మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే చాలు. "కోనసీమలో 37 డిగ్రీలేనండి, రాజమండ్రిలో 43 కదా" అని ధైర్యంగా పిల్లల్ని తీసుకుని ఓడలరేవు బీచికి బయల్దేరేవాళ్ళు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

నేనైతే దిగిన చోటల్లా వ్యాను అద్దానికి ఒక తడి చేతిరుమాలు కడతాను. పడమటి గాలి కొట్టే రోజున రాజమండ్రిలో అది చూస్తూండగానే పెళుసెక్కిపోతుంది. అదే రుమాలు ఓడలరేవులో గంట తర్వాత పట్టుకున్నా చేతికి చల్లగా, జిగటగా తగులుతుంది. రుమాలు ఆరనిచోట మీ పిల్లాడి వీపూ ఆరదు.

ఇంకోటి. మన దేశపు గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకి దగ్గర్లోనే ఉంది. అందుకని మనకి పన్నెండు కొట్టిందంటే నిజంగానే మిట్టమధ్యాహ్నం. పైగా మే 8 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు. ఆ రోజుల్లో కొబ్బరితోటలో నీడ దొరుకుతుందనుకుంటారు గానీ, చెట్టు నీడ చెట్టు మొదట్లోనే ముద్దగా పడి ఉంటుంది, మనిషి పట్టడు.

ఏడేళ్ళ కిందట ఒక కుటుంబం ఎంత చెప్పినా వినకుండా ధవళేశ్వరం దిగువన ఇసుక తిన్నెల మీదికి పదిన్నరకి వచ్చారు. గట్టిగా కాదనాల్సింది, అనలేదు. ఆరేళ్ళ బాబు చక్కగా క్రికెట్టు ఆడాడు. పన్నెండు కావస్తుండగా వచ్చి నీళ్ళ క్యాను పక్కన కూర్చున్నాడు. నీళ్ళు మాత్రం అడగలేదు. "అలిసిపోయాడు, కాసేపు పడుకోనివ్వండి" అంది వాళ్ళమ్మ. చొక్కా కిందనుంచి చెయ్యి పెట్టి చూస్తే ఒళ్ళు పెనంలా ఉంది. పేరడిగితే ఏదో పొంతన లేని మాట చెప్పాడు. క్యాను ఎత్తబోతుంటే పక్కనున్న పెద్దాయన, "చల్లనీళ్ళు పోయకండి, ఒంట్లో నరాలు చిట్లిపోతాయి" అని చెయ్యి పట్టుకున్నాడు. నేను ఆగాను. నాలుగైదు నిమిషాలు ఆగాను. మా డ్రైవరు ఎవరి మాటా వినకుండా క్యాను మొత్తం ఆ పిల్లాడి మీద కుమ్మరించి, తడి దుప్పటి చుట్టి, ఆసుపత్రి దాకా అట్టతో విసురుతూనే ఉన్నాడు. బాబు కోలుకున్నాడు. ఆ నాలుగైదు నిమిషాలు మాత్రం నాకు ఇప్పటికీ రాత్రుళ్ళు గుర్తొస్తాయి.

అపోహ: వడదెబ్బ తగిలినవాళ్ళ మీద చల్లనీళ్ళు పోస్తే నరాలు చిట్లుతాయి.

ఏటా వేసవిలో వాట్సాప్‌లో ఇది తిరుగుతూనే ఉంటుంది. పంపినవాళ్ళ పేరు ఉండదు, ఎవరో పెద్ద డాక్టరుగారు చెప్పారని ఉంటుంది. దయచేసి ఎవరికీ పంపకండి. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడుతుంటే అది వడదెబ్బే, చెమట పడుతున్నా సరే. నీడకి తీసుకెళ్ళండి, బట్టలు వదులు చేయండి, తల నుంచి కాళ్ళ దాకా చల్లనీళ్ళు పోస్తూ విసరండి, ఒకరు 108కి ఫోను చేయండి. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అపోహ: వేసవిలో పిల్లల్ని తిప్పాలంటే ఏసీ కారు, రిసార్టు తప్పవు. డబ్బున్నవాళ్ళకే.

ఈ ఖర్చంతా పదింటికి బయల్దేరడం వల్ల వచ్చేదే. మే నెలలో మనకి ఐదున్నరకే తెల్లారుతుంది. మొదటి బస్సుకి వెళ్ళి తొమ్మిదికల్లా ఇంటికొచ్చేస్తే ఏసీతో పనే లేదు. కిందటి వేసవిలో మా ఇంట్లో ఐదుగురం ధవళేశ్వరం బ్యారేజీకి అలాగే వెళ్ళొచ్చాం, తాటిముంజలతో కలిపి 300 రూపాయలు కాలేదు. కాటన్ దొరగారి ఆనకట్ట 1852లో పూర్తయిందనీ, ఇప్పుడున్నది ఆ తర్వాత కట్టిన బ్యారేజీ అనీ పిల్లలకి అక్కడే నిలబెట్టి చెప్పొచ్చు. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి ఎండిన కాలువ చూసి "నీళ్ళేవి?" అని అడుగుతారు. డెల్టా అంతా ఆ ఒక్క ప్రశ్నలోంచే చెప్పుకుంటూ పోవచ్చు.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్ళకి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఉంటే జీరో టిక్కెట్టు కొడతారు. అమ్మమ్మ, అమ్మ, ఇద్దరు ఆడపిల్లలు ఉన్న ఇంట్లో ఇక ప్రయాణ ఖర్చు ఏముంటుంది? వ్యాను అద్దె నాకు రాకపోయినా పర్లేదు, ఇది అందరికీ తెలియాలి.

కడియం నర్సరీలకీ ఇదే లెక్క. మొక్కలకి నీళ్ళు పెట్టే వేళకి వెళ్తే హాయి. పది దాటితే ఆ తడి అంతా ఆవిరై, పచ్చ వలల కింద ఊపిరాడదు. సాయంత్రం పుష్కరఘాట్‌లో హారతికి వెళ్ళేవాళ్ళు చాప పట్టుకెళ్ళండి. పొద్దు గూకాక కూడా మెట్లు చాలాసేపు సెగ కక్కుతూనే ఉంటాయి. కోరంగి మడ అడవులు మాత్రం ఎండాకాలం వద్దు. ఆ చెక్కవంతెన మీద గాలి ఆడదు, డిసెంబరు, జనవరికి దాచుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదన్నది అబద్ధం. తరిగి మజ్జిగన్నంలో నంజుకోండి.

ఓఆర్ఎస్ పొడి చిటికెడు గ్లాసులో కలిపితే చాలనుకోకండి. లీటరు ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్ళలోనే కలపాలి. దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో, అంచు మట్టానికి చదును చేసి కొలవాలి.

పెరుగన్నం చలవే గానీ ఎండలో పులిసిపోతుంది. దారికి చింతపండు పులిహోర నయం. చెరుకురసం ఐసు లేకుండా అడగండి, చాలాచోట్ల అది చేపలకి వాడే దిమ్మల ఐసే.

"గోదారి ఎండిపోయింది, మోకాలి లోతే" అని దిగొద్దు. ఇసుక తవ్విన గోతులు పైకి కనపడవు. ఈత వచ్చినవాళ్ళు కూడా దిగొద్దు.

ఆ ఫోను చేసినాయన "ఐదింటికి పిల్లలు లేవరండి" అన్నారు. రాత్రి మేడమీద పడుకోబెట్టండి, వెలుతురుకి వాళ్ళే లేస్తారు అన్నాను. వచ్చే ఆదివారం మొదటి బస్సుకి వస్తామన్నారు. పులిహోర, చాప, రెండు తువ్వాళ్ళు తెమ్మన్నాను. ఆధార్ కార్డుల సంగతి శనివారం ఇంకోసారి గుర్తుచేయాలి.