ఆనంద్ వివాహ చట్టం వెనుక ఒక నాభా పండితుడు

సిక్కు సంప్రదాయ వివాహాన్ని గుర్తించే 1909 నాటి ఆనంద్ వివాహ చట్టం కింద సిక్కుల పెళ్లిళ్లను నమోదు చేయడానికి నియమాలు రూపొందించాలని సుప్రీంకోర్టు 2025లో రాష్ట్రాలను ఆదేశించింది. నమోదుకు వీలు కల్పిస్తూ పార్లమెంటు 2012లోనే ఆ చట్టాన్ని సవరించినా, అనేక రాష్ట్రాలు ఏళ్ల తరబడి నియమాలు చేయలేదు. పైకి ఇది కేవలం పాలనాపరమైన జాప్యంగా కనిపించవచ్చు గాని, దీని మూలం సిక్కులు హిందువులలో ఒక శాఖా, లేక వేరే మతస్థులా అన్న పాత వాదంలో ఉంది. ఆ వాదంలో సిక్కుల పక్షాన్ని గ్రంథ ప్రమాణాలతో నిలబెట్టినవారు పంజాబులోని నాభా సంస్థానానికి చెందిన పండితుడు భాయీ కాహ్న్ సింగ్ నాభా.

ఆయన 1861లో పటియాలా సంస్థానంలోని సబజ్ బనేరాలో పుట్టారు. తండ్రి నారాయణ్ సింగ్ నాభాలో ఒక గురుద్వారాకు మహంతు. కాహ్న్ సింగ్ బడిలో చదువుకోలేదు. సంస్కృతం, పర్షియన్ పండితుల దగ్గర నేర్చుకుని, లాహోర్‌లో సింగ్ సభ అనే సిక్కు సంస్కరణ ఉద్యమ నాయకుడు గుర్‌ముఖ్ సింగ్ సాహచర్యంలో సంస్కరణ భావాలను అందుకున్నారు. నాభా మహారాజు హీరా సింగ్ ఆయనను తన కుమారుడు రిపుదమన్ సింగ్‌కు గురువుగా నియమించారు. ఈ గురుశిష్య బంధం తరువాతి చరిత్రలో చాలా ముఖ్యమైంది.

ఆనాడు అనేక సిక్కు కుటుంబాలు బ్రాహ్మణ పురోహితులతో అగ్నిసాక్షిగా పెళ్లిళ్లు జరిపించేవి. ఆర్యసమాజం కొందరు సిక్కులకు శుద్ధి, అంటే హిందూమతంలోకి చేర్చుకునే కర్మ, చేయడంతో వాదోపవాదాలు ముదిరాయి. ఆ వాతావరణంలోనే, 1898లో, కాహ్న్ సింగ్ ‘హమ్ హిందూ నహీం’ (మేము హిందువులం కాము) ప్రచురించారు. పేరు ఎంత సూటిగా ఉన్నా, అది దూషణ గ్రంథం కాదు. ఒక హిందువు ప్రశ్నలకు ఒక సిక్కు, గురువాణి (సిక్కుల పవిత్ర గ్రంథంలోని వాక్కులు) నుంచి ప్రమాణాలు చూపుతూ సమాధానాలిచ్చే సంభాషణ అది. దాన్ని విభజన నినాదంగా మాత్రమే చూసేవారు ఈ పద్ధతిని గమనించాలి.

న్యాయస్థానాలు మాత్రం మరో దారిన నడిచాయి. అదే 1898లో మరణించిన సర్దార్ దయాళ్ సింగ్ మజీఠియా ఆస్తి వివాదంలో, వారసత్వ విషయాలకు సంబంధించి సిక్కులు హిందువుల కిందికే వస్తారని 1903లో ఆనాటి అత్యున్నత అప్పీలు న్యాయస్థానం, లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. గురు గ్రంథ్ సాహిబ్ చుట్టూ నాలుగు లావాఁలు (ప్రదక్షిణలు) చేసుకున్న జంట పెళ్లి చెల్లుతుందా అన్న సందేహం తొలగించాలంటే చట్టం ఒక్కటే దారి అయింది. ఆ బిల్లును 1908లో వైస్రాయ్ శాసన మండలిలో ప్రవేశపెట్టింది కాహ్న్ సింగ్ శిష్యుడు రిపుదమన్ సింగే. సుందర్ సింగ్ మజీఠియా దాన్ని ముందుకు నడిపించగా, 1909 అక్టోబరులో చట్టమైంది.

కాహ్న్ సింగ్ మేధాశ్రమలో వాదగ్రంథాలది చిన్న భాగమే. బ్రిటిష్ రచయిత మెకాలిఫ్ ఆరు సంపుటాల సిక్కుమత చరిత్ర రాసినప్పుడు గురువాణి అర్థాలకు ఎక్కువగా ఆయన మీదే ఆధారపడ్డారు. 1912లో మొదలుపెట్టిన ‘మహాన్ కోశ్’ 1926లో పూర్తయి, 1930లో నాలుగు సంపుటాలుగా అచ్చయింది. అరవై నాలుగు వేలకు పైబడిన పదాలతో సిక్కు గ్రంథాలను, చరిత్రను, సంగీతాన్ని, స్థలాలను వివరించే ఆ కోశమే ఆయన అసలైన స్మారకమని నా అభిప్రాయం. ఆయన 1938లో కన్నుమూశారు.

స్వాతంత్ర్యం తరువాత కూడా వాదం తెగలేదు. రాజ్యాంగంలోని 25వ అధికరణకు చేర్చిన వివరణ ఆలయ ప్రవేశం, సంఘ సంస్కరణల సందర్భంలో సిక్కులను హిందువులలో కలిపి చెప్పింది. రాజ్యాంగ సభలోని సిక్కు ప్రతినిధులు హుకమ్ సింగ్, భూపిందర్ సింగ్ మాన్ రాజ్యాంగ పత్రంపై సంతకం చేయలేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం సిక్కులకూ వర్తించింది. ఆనంద్ చట్టంలో విడాకుల నిబంధనలు లేవు గనుక, దాని కింద పెళ్లి నమోదు చేసుకున్న జంట విడిపోవాలంటే నేటికీ హిందూ వివాహ చట్టాన్నే ఆశ్రయించాలి.