నీళ్లు రాజేసిన నిప్పు

"చుట్టూ సముద్రమే కదా, బారెన్ ద్వీపంలో నిప్పు ఎందుకు ఆరిపోదు?" అని ఒక పాఠకుడు అడిగారు. ఆర్పడం మాట అలా ఉంచండి, ఆ నిప్పును రాజేసిందే నీళ్లు.

అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పుడు శ్రీ విజయపురం) ఈశాన్యంగా సుమారు 135 కిలోమీటర్ల దూరంలో, మనుషులెవరూ ఉండని అగ్నిపర్వత దీవి ఇది. పైకి కనిపించేది 354 మీటర్లే. లావా, బూడిద పొరలుగా పేరుకున్న ఆ కొండలో రెండు వేల మీటర్లకు పైగా నీళ్లలోనే ఉంది.

పాఠాల్లో భూమి బొమ్మ గీసి లోపలంతా ఎర్రరంగు పూస్తారు. తవ్వితే లావా తగులుతుందనుకుంటూ పిల్లలు పెరుగుతారు. నిజానికి భూమి పైపొర కింద ఉండే మాంటిల్ గట్టి రాయే. అంత వేడిగా ఉన్నా పైబరువు దాన్ని కరగనివ్వదు. మరి అండమాన్ కింద ఎలా కరుగుతోంది?

చేత్తో తిప్పే ఐస్‌క్రీమ్ డబ్బా గుర్తుందా? చుట్టూ ఐసులో రాళ్లుప్పు వేస్తారు. ఉప్పు వేడినివ్వదు. ఐసు కరిగే హద్దును సున్నా డిగ్రీల కిందికి దించుతుంది, అంతే. రాయికి నీరే ఆ ఉప్పు. అండమాన్ కిందికి దూరుతున్న భారత ఫలక (భూమి పైపొరలోని పెద్ద రాతి పలక) తన ఖనిజాల స్ఫటికాల్లో నీటిని దాచుకుని దిగుతుంది. సుమారు 100 కిలోమీటర్ల లోతున ఆ ఖనిజాలు విరిగి నీటిని వదిలేస్తాయి. అది పైనున్న మాంటిల్‌లోకి చేరి, రాయిలోని సిలికాన్-ఆక్సిజన్-సిలికాన్ గొలుసులను తెంచి, తెగిన కొసలకు హైడ్రాక్సిల్‌గా (ఆక్సిజన్-హైడ్రజన్ జంటగా) అతుక్కుంటుంది. కరిగే హద్దు వందల డిగ్రీలు పడిపోతుంది. డబ్బాలో కరిగే ఐసు పక్కనున్న వేడిని లాక్కుంటుంది, అందుకే లోపలి పాలు గడ్డకడతాయి. మాంటిల్‌లోనూ ఆ ఖర్చు తప్పదు. కానీ అక్కడ వేడి రాయి మెల్లగా జరిగి వచ్చి లోటు పూడుస్తుంది. కరిగిన రాయి పైకొచ్చేటప్పుడు ఒత్తిడి తగ్గి అదే నీరు ఆవిరి బుడగలవుతుంది. గోలీసోడా కొట్టినట్టే.

బారెన్ 1787లో పేలినట్టు నమోదైంది. పందొమ్మిదో శతాబ్దపు తొలి దశాబ్దాల తర్వాత నిద్రపోయి 1991లో లేచింది. 2017 జనవరిలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ బృందం 'సింధు సంకల్ప్' నౌక మీద నుంచి అడుగుమట్టి సేకరిస్తుండగా కళ్లముందే పేలింది. పగలు బూడిద మేఘం, రాత్రి ఎర్రటి లావా.

2004 డిసెంబరు భూకంపం వచ్చిన ఐదు నెలలకు, 2005 మేలో ఇది పేలడంతో రెండింటికీ ముడిపెట్టినవారున్నారు. రెండింటి వెనకా ఉన్నది ఒకే ఫలక అన్నది నిజమే. కానీ ఒకదాని వెనక ఒకటి రావడమే రుజువైతే, పిల్లి ఎదురైనందుకే బస్సు తప్పిందని కూడా ఒప్పుకోవాలి.

ఉత్తరాన చల్లబడి ఉన్న మరో అగ్నిపర్వతం నార్కొండం. ఆ పేరు 'నరకకుండం' నుంచి వచ్చిందంటారు. అడవి కప్పుకున్న పచ్చని దీవికా ఆ పేరు! బారెన్‌కు పెట్టినది పటాల్లో పక్క దీవికి అంటుకుందని కొందరి అనుమానం. నాదీ అదే.